బందిపోట్ల నోట నావికుని పాట

1881 ఫిబ్రవరి 26 వ తేదీన కలకత్తాలో, జోడాసాంకోలోని ఠాకూరుల యింట, 'విద్వజ్జన సమాగమము' అను సాహిత్యగోష్ఠి జరిగినది. వచ్చిన పెద్దలలో బంకించంద్రుడు ఉన్నాడు. ఆ గోష్ఠికని ఆడిన గేయనాటిక 'వాల్మీకి ప్రతిభ'. దానిని రచించిన రవీంద్రనాథునికి అప్పటికింకను ఇరువది యేండ్లు నిండలేదు. వాల్మీకి వేషము కట్టినదియు అతడే. సరస్వతిగా కనిపించిన బాలిక అతని అన్న హేమేంద్రనాథుని కూతురు. ఆమె పేరు ప్రతిభ. నాటిక పేరులోని శ్లేషను విడదీసి చెప్పవలసిన పని ఆ యింటివారికి లేకపోయి యుండును.

ఆ నాటికలో బందిపోట్లు కాళికాదేవి పేరెత్తి కేకలు వేయుచు పాడు పాట ఒకటి కలదు. 'కాలీ కాలీ బలో రే ఆజ్' అని దానికి పేరు. పాడువారు అడవి దొంగలు; పిలుచుచున్నది రక్తబలి కోరు దేవతను; భాష వంగభాష. వరుస మాత్రము అడవిది కాదు, వంగభూమిది కాదు, అసలు భారతదేశముదే కాదు. 1876 లో లండనులో వెలువడి, ఇంగ్లండులోని మధ్యతరగతి యిండ్ల పియానోలమీద మ్రోగుచుండిన 'నాన్సీ లీ' అను వినోదగీతము వరుస అది.

ఒక దేశపు నగరములో పుట్టిన పాట మరియొక దేశపు అడవిపాటగా మారిన ఈ కథ చిన్నదే. కాని అనువాదము, అనుసరణము, అనుకరణము అను మూడు మాటలతో నిత్యము వ్యవహరించు తెలుగు రచయితలకు ఇందులో తేల్చుకొనవలసిన విషయము కొంత ఉన్నది. పరాయి సొత్తు ఎప్పుడు సొంతమగును, ఎప్పుడు దొంగసొత్తుగానే మిగిలిపోవును అను ప్రశ్నకు సిద్ధాంతగ్రంథములకంటె ఈ ఒక్క పాట ఎక్కువ సమాధానము చెప్పగలదు.

'నాన్సీ లీ' అచ్చుప్రతులమీద సంగీతకర్త పేరు స్టీఫెన్ ఆడమ్స్ అని ఉండును. అది మారుపేరు. అసలు పేరు మైకేల్ మేబ్రిక్. లివర్‌పూలులో పుట్టి, లైప్‌జిగ్‌లోను మిలాను నగరములోను విద్య గడించి, లండను సభలలో పేరు మోసిన గాయకుడు. మాటలు కూర్చినవాడు ఫ్రెడరిక్ వెదర్లీ. అప్పటికి ఆక్స్‌ఫర్డులో విద్యార్థులకు పాఠములు చెప్పుకొనుచు, తరువాతి కాలమున న్యాయవాది యైనవాడు. ఇద్దరిలో ఒక్కడును నావికుడు కాడు. అయినను పాట నావికునిది. రేవుగట్టున నిలిచి చేయి ఊపు ఇల్లాలిని తలచుకొని సముద్రముమీది మగడు పొంగిపోవుటయే అందలి వస్తువు. నడక చురుకైనది, పల్లవి వచ్చుసరికి గదిలోని వారందరును గొంతు కలుపవలెననిపించును. ఓడ యెక్కని వారు వ్రాయగా, ఓడ యెక్కని వారు కొని, మెత్తని కుర్చీలలో కూర్చుండి పాడుకొన్న ఓడపాట అది.

గ్రామఫోను వ్యాపించని ఆ రోజులలో పాటకు గిరాకి అచ్చుకాగితముతో కొలిచెడివారు. ప్రకాశకులే గానసభలు ఏర్పాటు చేయుదురు. పేరున్న గాయకుడు క్రొత్త పాట పాడును. విన్నవారు స్వరములతో కూడిన ప్రతిని కొనుక్కొని యింటికి పోయి పియానోమీద పెట్టుకొందురు. 'నాన్సీ లీ' ప్రతులు ఆ విధముగా లక్షకు పైగా అమ్ముడుపోయినవి. నేటి సినిమాపాటకు గల స్థానము ఆనాడు దానికి ఉండెనన్నచో అతిశయోక్తి కాదు. సాహిత్యముగా చూచినచో అందులో చెప్పుకొనదగినది లేదు. జనాదరణమునకు అది అడ్డము రాలేదు, ఎప్పుడును రాదు.

పాట అంతగా వ్యాపించి యున్న కాలముననే రవీంద్రుడు ఇంగ్లండులో ఉన్నాడు. 1878 సెప్టెంబరులో బయలుదేరి, బ్రైటనులోను లండనులోను గడిపి, ఏ పట్టమును పుచ్చుకొనకుండ 1880 తొలి మాసములలో తిరిగి వచ్చినాడు. పట్టము రాలేదు గాని పాటలు వచ్చినవి. 1912 లో అచ్చయిన 'జీవనస్మృతి'లో ఆ సంగతులను అతడే చెప్పినాడు. చిన్ననాట థామస్ మూర్ అను కవి రచించిన ఐరిష్ గేయముల పుస్తకము ఆ యింట ఉండెడిది. దానిలోని వీణ బొమ్మను చూచి, ఆ పాటలెట్లుండునో వినవలెనని అతడు కలలు కన్నాడట. ఇంగ్లండులో కొన్నిటిని విన్నాడు, నేర్చినాడు. కలలోని వీణకును చెవినబడిన పాటకును కొంత దూరమున్నదని కూడ ఒప్పుకొన్నాడు. స్వదేశమునకు వచ్చి యింటివారికి ఆ పాటలు వినిపించినప్పుడు, రవి గొంతు ఇట్లు మారినదేమి, పరాయిదిగా ధ్వనించుచున్నదేమి అని వారు వింతపడిరట. పరదేశము వెళ్ళి వచ్చిన కుర్రవానిని ఏ యింటివారైనను ఆడు మాటయే అది. కాని ఆ మారిన గొంతునుండియే నాటిక పుట్టినది.

జోడాసాంకో యింట అప్పటికే ఒక ప్రయోగము సాగుచున్నది. అన్న జ్యోతిరింద్రనాథుడు పియానో ముందు కూర్చుండి, పెద్ద పెద్ద రాగములను విలంబమునుండి తప్పించి, పరుగు నడకలలో వాయించెడివాడు. ధ్రుపద గాయకులు వినినచో చెవులు మూసుకొందురేమో. ఆ గతులకు అక్షయచంద్ర చౌధురియు రవీంద్రుడును అప్పటికప్పుడు మాటలు కట్టెడివారు. దీనికి తోడు హెర్బర్టు స్పెన్సరు సంగీతోత్పత్తిని గూర్చి వ్రాసిన వ్యాసమొకటి రవీంద్రుని ఆకర్షించినది. భావము ఉద్రేకించినప్పుడు మాటయే కొంత స్వరము పుంజుకొనునని స్పెన్సరు వాదము. అట్లయినచో నాటకము మొదలునుండి తుదివరకు స్వరము గల మాటతోనే నడపరాదా? మన కథకులు చేయునది అంతే గదా అని రవీంద్రుని ఊహ. అతడు దృష్టాంతముగా తీసుకొన్నది వంగభూమిలోని కథకత. తెలుగువారు తమ హరికథను తలచుకొనినచో చాలును. అతనికంటె మూడేండ్లు చిన్నవాడైన ఆదిభట్ల నారాయణదాసు ఆ తరువాత కొలది యేండ్లలోనే విజయనగర ప్రాంతమున ఇదే మాట-పాటల సరిహద్దుమీద తన రాజ్యము స్థాపించుకొన్నాడు.

'వాల్మీకి ప్రతిభ' చదువదగిన కావ్యము కాదనియు, అది సంగీతములో ఒక క్రొత్త పరీక్ష యనియు రవీంద్రుడే చెప్పినాడు. ఆ పరీక్షకు కావలసిన సరకులు ఎక్కడెక్కడివో కూడ దాచలేదు. చాల పాటలు సభాగాన కృతులను విరిచి కట్టినవి. చాల పాటలు జ్యోతిరింద్రుని గతులమీద కూర్చినవి. మూడు మాత్రము పాశ్చాత్యపు వరుసలు. ఆ మూడింటిలో రెండు దొంగల మత్తుపాటలకును, ఐరిష్ వరుస యొకటి వనదేవతల విలాపమునకును పోయినవి.

ఈ పంపకము గమనింపదగినది. ఇంగ్లండునుండి తెచ్చిన వరుస చేతిలో ఉన్నది. దానిని వాల్మీకికి ఇయ్యవచ్చును, సరస్వతికి ఇయ్యవచ్చును. పరదేశపు సంగీతమనిన గౌరవము గల కాలము. అయినను రవీంద్రుడు దానిని తెచ్చి త్రాగి తూలుచున్న దొంగలకిచ్చినాడు. ఇది ఎగతాళి కాదు. 'నాన్సీ లీ' వరుసలో ఏ గుణమున్నదో అతని చెవి గుర్తించినది. అది గుంపు పాట, మగవారి గుంపు పాట. ఒక్కడు అందుకొనగా పదిమంది కాలు దంచుచు కలియు పాట. రాగవిస్తారమునకు తావు లేదు. గమకమునకు నిలుకడ లేదు. ఆలోచనకు అవకాశము లేదు. హిందూస్థానీ రాగములలో ఉత్సాహమున్నది గాని, ఆలోచన లేని ఉత్సాహము తక్కువ. దొంగలకు కావలసినది అదే. నావికుని గొప్పలోని ఊపు తీసికొని, ఇల్లాలి పేరున్న చోట కాళిక పేరు పెట్టగా, ఆ ఊపు భయంకరమైనది. వరుస మారలేదు, పాడువాడు మారినాడు. వినువానికి ఒకే వరుస రేవుగట్టున ముచ్చటగాను, బలిపీఠము ముందు వెన్ను జలదరించునట్లుగాను వినిపించును.

ఇంకొక పోలిక కూడ ఉన్నది. ఆ పాట ఇంగ్లండులోనే వేషము. ఆక్స్‌ఫర్డు పంతులు నావికుని వేషము కట్టి వ్రాసినాడు. జోడాసాంకోలో జమీందారీ బంధుమిత్రులు దొంగల వేషము కట్టి పాడినారు. వేషము వేషమునకు చక్కగా అమరినది. నిజమైన నావికుల శ్రమగీతము నొకదానిని తెచ్చి యుండినచో అది ఇంత సులువుగా దిగి యుండునా యని సందేహము.

కథ విషయమున రవీంద్రుడు చూపిన చొరవ ఇంతకంటె పెద్దది. వాల్మీకి పూర్వాశ్రమమున దారిదోపిడికాడను వృత్తాంతము వాల్మీకి రామాయణములోనిది కాదు. అధ్యాత్మ రామాయణమున అయోధ్యాకాండలో ముని తానే శ్రీరామునికి చెప్పుకొనును. వంగభూమిలో కృత్తివాసుడు రత్నాకరుడను పేరుతో దానిని ఇంటింటి కథ చేసినాడు. 'మరా మరా' యని తిరుగవేసి జపించిన మంత్రము తెలుగు పిల్లలకు కూడ తెలిసినదే. రవీంద్రుని నాటికలో ఆ మంత్రము లేదు. ఉపదేశించు ఋషులు లేరు. బలికై పట్టి తెచ్చిన ఒక బాలిక ఏడ్పు విని దొంగలరాజు మనసు కరగును. కట్లు విప్పించును, మూకను విడిచి అడవిలో తిరుగును, వేటగాని బాణమునకు కూలిన క్రౌంచమును చూచును, శ్లోకము పలుకును. లక్ష్మి వచ్చి ఆశ పెట్టగా త్రోసివేయును. తుదకు వచ్చిన సరస్వతి, నాటి బాలికను తానే యని చెప్పి వీణను అతని చేతికిచ్చును. నామజపము చేయవలసిన పనిని ఇక్కడ కరుణ చేసినది.

ఆలోచించినకొలది ఇందలి వింత పెరుగును. ఇది ఆదికవి కథ. ఎవని వద్దను అప్పు చేయని మొదటి పద్యము ఎట్లు పుట్టినదో చెప్పు నాటిక. ఆ కథను చెప్పుటకు కవి వాడిన వరుసలలో ఎన్నియో అప్పు తెచ్చినవి. సంస్కృత శ్లోకము వాల్మీకిది, సభాగానము ఉస్తాదులది, గతులు అన్నవి, దొంగల కేక ఇంగ్లీషువానిది. స్వతంత్ర రచనయనగా అన్నిటిని తానే పుట్టించుట యని నమ్మువారికి ఈ నాటిక ఇబ్బందిగా నుండును. పుట్టించినది కాదు, అప్పగించినది ఇక్కడ ముఖ్యము. ఏ వరుస ఏ నోటికి అప్పగింపబడినదో అక్కడనే కవి కనిపించును.

అన్ని అప్పగింతలును ఒకే తీరున ఫలించినవని మాత్రము చెప్పుటకు వీలులేదు. ఆ ఐరిష్ వరుస సంగతియే చూడుడు. మూర్ కవి 'గో వేర్ గ్లోరీ వెయిట్స్ దీ' అను గేయమునకు వాడిన వరుస అది. మూర్ కూడ పల్లెల ఐరిష్ వరుసలను తెచ్చి నగరపు గదులకు తగిన మాటలు కట్టినవాడే. రవీంద్రుడు దానిని మూడుచోట్ల వాడినాడు. 'వాల్మీకి ప్రతిభ'లో పట్టువడిన బాలికను చూచి వనదేవతలు వగచుట యొకటి. 1882 డిసెంబరులో ఆడిన 'కాలమృగయ'లో, దశరథుని బాణమునకు ఎర కానున్న మునికుమారుని వనదేవతలు వారించుట రెండవది. 1888 లో బెథూన్ పాఠశాలలో సఖీసమితి స్త్రీలు ఆడిన 'మాయార్ ఖేలా'లోని 'ఆహా ఆజి ఏ బసంతే' మూడవది. మొదటి రెండింటిలో వరుస ఇంకను అతిథిగానే ఉన్నది. మాట ఒకవైపు, స్వరము ఒకవైపు లాగుచుండును. మూడవదానిలో అది పూర్తిగా వంగగీతమైపోయినది. నేడు దానిని పాడు వేలమందిలో ఐర్లండును తలచువారు అరుదు. ఒక వరుసను తనదిగా చేసికొనుటకు రవీంద్రునంతటి వానికే మూడు ప్రయత్నములు, ఏడేండ్లు పట్టినవి. 'నాన్సీ లీ' విషయమున మొదటి దెబ్బకే గురి కుదిరినది. పాత్ర కుదిరినది గనుక.

తెలుగు దేశమునకు ఈ సంగతి క్రొత్త కాదు. రవీంద్రునికి ఎన్నో యేండ్లు ముందే ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవారి బ్యాండు మేళములలో వినిపించు వరుసలకు సంస్కృత సాహిత్యము కట్టినారు. బ్రిటిషు రాజగీతపు వరుసకు కట్టిన 'సంతతం పాహి మాం' అందులోనిదే. ఆ నోట్టుస్వర సాహిత్యములను 1905 లో సుబ్బరామ దీక్షితులు 'ప్రథమాభ్యాస పుస్తకము'లో తెలుగు లిపిలోనే అచ్చొత్తించినారు. అవి నేర్చుకొను పిల్లలకు ముద్దుగా నుండును. కాని అక్కడ వరుస ఉన్నచోటనే ఉన్నది. దానిమీద దేవతాస్తుతి వచ్చి కూర్చున్నది. పాడువాడెవడు, ఎందుకు పాడుచున్నాడు అను ప్రశ్న ఆ రచనలలో పుట్టదు. రవీంద్రుని దొంగలపాటలో ప్రాణమంతయు ఆ ప్రశ్నలోనే ఉన్నది.

అప్పు ఒకవైపే నడువలేదు. మద్రాసునుండి శాంతినికేతనమునకు వెళ్ళిన సావిత్రి యను విద్యార్థిని పాడగా విని, దీక్షితులవారి 'మీనాక్షి మే ముదం' వరుసకు రవీంద్రుడు 'బాసంతీ హే భువనమోహినీ' కట్టినాడు. సింహేంద్రమధ్యమములోని తెలుగు కృతి 'నీదు చరణములే' వరుసకు కట్టినది 'బాజే కరుణ సురే'. తెలుగు కృతి వరుస ఈనాటికిని కలకత్తా గాయకుల గొంతులలో ఉన్నదని మన గాయకులలో ఎందరెరుగుదురో!

ఇక ఒప్పుకోలు మాట. పాత తెలుగు పాటల పుస్తకములను, నాటకములను తిరుగవేసినచో పాట నెత్తిన 'ఫలాని పాట వరుస' యని అచ్చయి యుండును. పారసీ మట్టు కావచ్చును, హిందూస్థానీ మట్టు కావచ్చును, జావళి కావచ్చును. పాడువానికి సౌకర్యము కొరకే వేసినను, అందులో న్యాయముకూడ జరిగినది. అప్పు పత్రము పాట నెత్తిననే ఉండెడిది. సినిమా వచ్చిన పిదప ఆ పంక్తి మాయమైనది. హిందీ వరుసలమీద తెలుగు మాటలు పేర్చుట మాత్రము మాయము కాలేదు. వంగభూమిలో రవీంద్రుడు తన అప్పులను తానే చెప్పినాడు. మిగిలిన లెక్కను అతని అన్నకూతురు ఇందిరాదేవి చౌధురాణి పూర్తిచేసినది. 1954 లో వెలువడిన 'రవీంద్రసంగీతేర్ త్రివేణీసంగమ్' అను చిన్న పుస్తకములో ఏ పాట ఏ మూలమునుండి విరిచి కట్టినదో ఆమె వరుసగా పేర్కొన్నది. వంగీయులు అట్టి పాటలను 'భాంగా గాన్', అనగా విరిచిన పాట, అందురు. ఆ పేరులో సిగ్గు లేదు.

పెద్దవాని వద్ద చేసిన అప్పు ఒప్పుకొనుట సులువు. పేదవాని వద్ద చేసినదే కఠినము. 1905 నాటి 'ఆమార్ సోనార్ బాంగ్లా' వరుస శిలాయిదహలో ఉత్తరములు మోసిన గగన్ హర్కరా అను బావుల్ గాయకుని పాటనుండి వచ్చినది. 1915 లో 'ప్రబాసీ' పత్రికలో గగన్ పాట అతని పేరుతోనే అచ్చయినది. ఆ వరుస నేడు బంగ్లాదేశమునకు జాతీయగీతము. దీనిప్రక్కన మరియొక కథ పెట్టి చూడవలెను. బీర్‌భూమ్ జిల్లా సియూడీకి చెందిన రతన్ కహార్ 1972 లో 'బడొలోకేర్ బిటి లో' అను పల్లెపాట కట్టినాడు. 1976 లో స్వప్నా చక్రవర్తి గొంతున రికార్డుగా వచ్చి అది వంగభూమి అంతట వ్యాపించినది. 2020 మార్చిలో బాద్‌షా అను ర్యాప్ గాయకుడు దాని పల్లవిని 'గేందా ఫూల్' అను పాటలో వాడుకొన్నప్పుడు అది 'జానపద'మని మాత్రమే ప్రకటింపబడినది. కట్టినవాడు బ్రతికి, బీదరికములో ఉన్నాడని పత్రికలు, ప్రజలు గోలపెట్టిన పిదప ఆ గాయకుడు అతనికి ఐదు లక్షల రూపాయలు పంపినాడు. 2024 లో రతన్ కహార్‌కు పద్మశ్రీ వచ్చినది. జానపదమను మాట ఎంత గౌరవముగా వినిపించునో అంత ప్రమాదకరమైనది. కర్త పేరు చెరిపివేయుటకు దానికంటె మర్యాదయైన సాధనము లేదు.

'నాన్సీ లీ' మాటలు వ్రాసిన వెదర్లీకి కూడ ఈ వ్యాపారములో చేయి ఉన్నది. 1910 లో అతడొక గేయము వ్రాసి పెట్టుకొన్నాడు, వరుస కుదరలేదు. రెండేండ్లకు అతని వదినెగారు అమెరికానుండి ఒక ఐరిష్ పల్లె వరుసను పంపినది. 1855 లో జార్జి పెట్రీ ప్రకటించిన ఐరిష్ సంగీత సంపుటములో కర్త పేరు లేకుండ అచ్చయిన వరుసయే అది. వెదర్లీ తన మాటలను దానికి సరిదిద్ది 1913 లో ప్రకటించినాడు. అదే 'డానీ బాయ్'. అతని సొంత సరకైన 'నాన్సీ లీ'ని ఇంగ్లండు దాదాపు మరచినది. అప్పు వరుసమీద వ్రాసిన 'డానీ బాయ్' మాత్రము లోకమంతట నిలిచినది. 'నాన్సీ లీ' వరుస నేడు ఎక్కువగా వినిపించుచున్నది వంగభాషలోనే. దానికి ఆయుర్దాయము పోసినది కాళిక పేరు.

రవీంద్రుని ఇల్లు 1962 నుండి రవీంద్రభారతీ విశ్వవిద్యాలయమైనది. కలకత్తాలో పాఠశాలల పిల్లలు మొదలు పేరున్న సమాజములవరకు 'వాల్మీకి ప్రతిభ'ను ఆడుచునే యున్నారు. నృత్యకళాకారిణి అలకానంద రాయ్ 2007 లో నగరములోని కారాగారమున ఖైదీలకు నృత్యము నేర్పనారంభించి, తరువాత వారిచేతనే ఈ నాటికను ఆడించినారు. కావలివారు వెంట రాగా వారు కారాగారపు గోడలు దాటి బయటి రంగస్థలములమీదకూడ దానిని ప్రదర్శించినారు. దొంగల మూకగా రంగమెక్కినవారు నిజముగా నేరము చేసి శిక్ష అనుభవించుచున్నవారు. వాల్మీకిగా ఆడిన ఖైదీ విడుదలయైన పిదప, ఈ ఉదంతము ఆధారముగా 2012 లో వచ్చిన 'ముక్తధారా' అను వంగ చలనచిత్రములో ముఖ్యపాత్ర ధరించినాడు.